ఎనభై అయిదు మిల్లీమీటర్ల కడుపుమంట

మా బడిలో లెక్కలు చెప్పే సారుకు ఒక జబ్బుంది. పాత కెమెరా సామాను ఆయనకు ఊరికే చవగ్గా దొరుకుతుంది. జబ్బు ఆయనది, బాధ నాది.

ఇద్దరం ఖమ్మం పక్కనున్న ఖానాపురం హవేలిలోనే ఉంటాం. ఒకే బండి మీద బడికి వెళ్తాం. ఇద్దరికీ ఫోటోల పిచ్చి. తేడా ఏమిటంటే నేను చదువుతాను, ఆయన కొంటాడు. ఏ లెన్స్ ఎప్పుడు వచ్చింది, దేనికి ఏ రోగం పడుతుంది, అమ్మేవాడు ఏ మాట దగ్గర నీళ్లు నములుతాడు, అన్నీ నాకు కంఠస్థం. రోజూ ఫోన్‌లో పాత సామాను ప్రకటనలు జల్లెడ పడతాను. చివరికి జల్లెడే మిగులుతుంది. ఆయనకు మాత్రం మధిరలో చుట్టాలింటికి వెళ్తే, వాళ్ల పెరట్లో కాకరతీగ పాకించిన మూడు కాళ్ల స్టాండు కనిపించింది. తీగ తప్పించి చూస్తే నేను మూడేళ్లుగా వెతుకుతున్న ట్రైపాడ్! కాకరకాయలతో సహా ఇచ్చి పంపారట. ఇంకోసారి టిఫిన్ డబ్బాకు పనికొస్తుందని ఖమ్మంలో ఒక పాత బ్యాగు కొన్నాడు. అడుగు అరలో ఫ్లాష్ దొరికింది. టిఫిన్ డబ్బా మాత్రం పట్టలేదని నాతో చెప్పుకుని తెగ బాధపడ్డాడు.

నేను తెలుగు మాస్టారిని. అసూయ లేనిది అనసూయ అని పిల్లలకు పదం విడగొట్టి చెప్పడం సులువే. నాలోంచి అసూయను విడగొట్టే సూత్రం మాత్రం ఏ వ్యాకరణంలోనూ కనిపించలేదు.

నాకు కావలసింది ఒకటే: ఎనభై అయిదు మిల్లీమీటర్ల లెన్స్. మనిషి ముఖం తీయడానికి దాన్ని మించింది లేదు. ముఖం నిలబడుతుంది, వెనకున్న గోడా, కరెంటు తీగా, ఆరేసిన బట్టలూ మెత్తగా కరిగిపోతాయి. కొత్తది కొనే స్తోమత లేదు. ఆ కటకం కోసం కటకటలాడుతూ నాలుగేళ్లు గడిపాను.

పోయిన ఎండాకాలం దమ్మపేటలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాలయ్యాక బజారులో నడుస్తుంటే ఒక గాజుల కొట్టు మీద 'ఫోటో స్టూడియో' అని వెలిసిపోయిన బోర్డు కనిపించింది. కాళ్లు వాటంతట అవే ఆగాయి. కొట్టులో కూర్చున్న పెద్దావిడను అడిగాను.

"మా ఆయనది సారు. ఆయన పోయి ఆరేండ్లాయె. కెమెరాలు అల్లుడు పట్కపోయిండు. ఒక్క అద్దం ఉన్నది, చూస్తవా?"

తోలుపెట్టె ఒకటి తెచ్చి మూత తీసింది. లోపల మెత్తటి గుడ్డ, చొట్టలు పడ్డ చిన్న వాజిలీన్ డబ్బా, వాటి మధ్య నా ఎనభై అయిదు. దాన్ని చేసిన కంపెనీ పాత లెన్సులు మా ఇద్దరి కెమెరాలకూ సరిపోతాయి కూడా.

"ఎంతమ్మా?"

"ఎనిమిది వేలకు తక్కువ ఇయ్యొద్దని ఆయన ఎన్నడో చెప్పిండు."

బయట దాని ధర అంతకు మూడింతలు. సరేనని అనేసేవాణ్నే. కానీ నేను చదువుకున్నవాణ్ని కదా! ఫోన్ టార్చి వేసి అద్దంలోకి చూశాను. తెల్లటి మసక, అక్కడక్కడ సాలెగూడు లాంటి చారలు. బూజు! అడవి పక్క ఊళ్లలో వానాకాలపు తేమకు లెన్సులకు పట్టే రోగం. ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుకుంటుందని చదివిన గుర్తు. లెన్సును గబుక్కున కింద పెట్టి, చేతిరుమాలుతో చేతులు తుడుచుకున్నాను. పది నిమిషాలు ఆమెకు పాఠం చెప్పాను.

"ఇది పాడైపోయిందమ్మా. ఎవరూ కొనరు."

"గట్లనా సారు?" అని ఆమె పెట్టె మూత మెల్లగా వేసింది.

సోమవారం బండి మీద వెళ్తూ లెక్కల సారుకు ఇదంతా చెప్పాను, నా చూపు ఎంత నిశితమో తెలియాలని. "అయ్యో" అన్నాడంతే. తర్వాతి సోమవారం స్టాఫ్‌రూంలో నా ముందు ఒక తోలుపెట్టె పెట్టాడు.

"ఇగో అన్నా, నీ బూజు."

లెన్స్ కడిగిన అద్దంలా ఉంది. దాని పక్కన ఇంకో గుండ్రటి గాజుబిళ్ల, జిడ్డుగా, తెల్లగా.

"ముందట ఫిల్టర్ ఉన్నదన్నా. గట్టిగ బిగుసుకపోయింది. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తిప్పితే ఊడొచ్చింది. బూజు గాదు, వాజిలీన్!"

అప్పుడు వెలిగింది. వెనకటి స్టూడియోవాళ్లు పెళ్లికూతురు చుట్టూ మంచు పట్టినట్టు కనిపించడానికి ఫిల్టర్ అంచులకు వాజిలీన్ పూసేవారు. అందరూ చేసిన పనే. ఏళ్లు గడిచేసరికి ఆ జిడ్డుకు దుమ్ము పట్టింది. ఆ రోజు పెట్టెలో లెన్స్ పక్కనే వాజిలీన్ డబ్బా కూడా ఉంది. పాపం ఆయనకు చలికాలం పెదాలు పగిలేవేమో అనుకున్నాను!

"ఎంతకిచ్చింది?" అన్నాను.

"ఎనిమిది వందలు. నేను అడగకముందే చెప్పింది. 'మొన్న ఒక పెద్దసారు వచ్చి ఖరాబైందన్నడు బిడ్డా, నీతోని అబద్ధమెందుకు' అన్నది."

అంటే ఈసారి ఆయన బేరమాడనే లేదు. ఆయన తరఫున నేనే వెళ్లి, సున్నా ఒకటి కొట్టేయించి వచ్చాను. కళ్లు కుట్టడం అంటారే, ఆ రోజు నాకు సూదీ దారమూ కూడా కనిపించాయి.

ఇంటికి వచ్చి చెప్తే మా ఆవిడ మా పెళ్లి ఆల్బమ్ తెచ్చి ఒళ్లో పెట్టింది. పేజీ నిండా ఆమె ముఖం, చుట్టూ తెల్లటి పొగ.

"పాతికేండ్ల సంది మనింట్లనే ఉన్నది. ఇది గూడ బూజే అనుకున్నరా?"

రెండు రోజులు తిండి సహించలేదు. మూడో రోజు నా కడుపుమంట ధర్మం బట్టలు వేసుకుని బయలుదేరింది.

"తమ్ముడూ, ఆ పెద్దావిడకు అన్యాయం జరిగింది. మంచిదని తెలిశాక ఉంచుకోవడం తప్పు. తిరిగి ఇచ్చెయ్" అన్నాను. ఆయన ఇవ్వడం, అక్కడే నేను ఎనిమిది వేలు పెట్టి కొనడం, అదీ నా లెక్క. లెక్కల సారుకు అది అందలేదు.

"అవ్ అన్నా. నాకు గూడ అదే గుచ్చుతున్నది. ఆదివారం పోదాం పా."

ఆ మంచితనం కూడా ఆయనకే చవగ్గా దొరికింది.

ఆదివారం దమ్మపేట వెళ్లాం. ఆయన పెట్టెను ఆమె ముందు పెట్టి, "అమ్మా, అద్దం మంచిగనే ఉన్నది. తిరిగి తీస్కో, లేకుంటే తక్కువైన పైసలన్నా తీస్కో" అన్నాడు.

ఆమె నోరు తెరవకముందే నేను జేబులోంచి కవరు తీశాను. "నేను తీసుకుంటానమ్మా. ఎనిమిది వేలు, ఇప్పుడే."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఏంది సారు, మొన్న చేతులు తుడుసుకుంటివి, ఇయ్యాల చేతులు చాపుతున్నవు?"

లెక్కల సారు గాజులు చూస్తున్నట్టు నటిస్తూ నవ్వాడు.

"ఖరాబైందంటే గూడ కొన్నడు గదా, బాగున్నప్పుడు గూడ ఆయనదే. మిగిలినయి ఇచ్చి నువ్వే ఉంచుకో బిడ్డా" అంది ఆమె. ఆయన మిగతా ఏడు వేల రెండు వందలు అక్కడికక్కడే ఫోన్‌లో పంపాడు. నా కవరు జేబులోకి తిరిగి వెళ్లింది.

"ఊరందరి పెండ్లికూతుర్లను తీసిండు మా ఆయన. నన్ను తీసే తీరిక దొరకలే. ఒకటి తియ్యి బిడ్డా, ఆయన లెక్కనే గా తెల్ల పొగ పెట్టి" అంది.

పొగ ఎలా పెట్టాలో ఆయనకు తెలియదు. నేను చదివాను. మధ్యలో శుభ్రంగా వదిలి అంచులకే పూయాలి. కాబట్టి ఆమె దగ్గరే ఉండిపోయిన డబ్బా తెప్పించి, ఫిల్టర్‌కు ఆ వాజిలీన్ నా వేలితోనే పూశాను. ఆమె గాజుల వరసల ముందు కొంగు సర్దుకుని కూర్చుంది. ఆయన తన కెమెరాకు ఆ లెన్స్ బిగించి తీశాడు. కెమెరాలో చూశాను. ముఖం నిలబడింది. వెనక గాజులన్నీ కరిగి రంగురంగుల దీపాలయ్యాయి. నాలుగేళ్లుగా నా తలలో ఉన్న ఫోటో అది. బాగుందని ఒప్పుకోక తప్పలేదు.

బయలుదేరేటప్పుడు ఆమె ఆ వాజిలీన్ డబ్బా నా చేతిలో పెట్టింది. "నీకేం ఇయ్యకపోతిని సారు. ఇది ఉంచుకో."

పామాయిల్ తోటల మధ్య తిరిగి వస్తూ, వెనక కూర్చున్న నేను ఆయన భుజం తట్టాను. "ఎప్పుడన్నా అమ్మాలనిపిస్తే ముందు నాకే చెప్పు తమ్ముడూ."

"నీకు గాక ఇంకెవ్వరికి చెప్తనన్నా?" అన్నాడు ఆయన బండి నెమ్మది చేసి. "గని ఖరాబైందని ముందుగాల నువ్వే చెప్పాలె, అగ్గువకొస్తది."