ఆయన విస్కీకి వేసిన మార్కులు

నిరుడు పెత్రమాస నాడు మా మరిది హైదరాబాదు నుంచి తెచ్చిన విస్కీ సీసా మూత తీసి, విస్తరి పక్కన పెట్టిన గ్లాసులో పోశాడు. గదంతా వాసన కమ్ముకుంది. అది మా ఆయన వాసన కాదు.

మా నారాయణఖేడ్ వైపు భాద్రపద అమావాస్యను పెత్రమాస అంటాం. ఆ రోజు పోయిన పెద్దలకు, వాళ్లు బతికుండగా ఇష్టంగా తిన్నవీ తాగినవీ విస్తరిలో పెడతాం. మా మామకు కల్లు, చుట్ట. మా అత్తకు కల్లు, పచ్చిపులుసు. వాళ్ల విషయంలో ఎన్నడూ తగాదా రాలేదు. మా ఆయన పోయాక అది మొదటి పెత్రమాస. జొన్నరొట్టె, తలకాయ కూర, అంచుకు ఉల్లిగడ్డ, అన్నీ ఆయనకు నచ్చినట్టే పెట్టాను. గ్లాసు ఒక్కటే తప్పు.

"ఇది మీ అన్న తాగేది గాదు" అన్నాను.

"ఫారిన్‌ది వదినా! నా అన్నకు తక్కువది పెడతనా?"

"ఎక్కువ తక్కువ సంగతి గాదయ్యా. ఇది ఆయనది గాదు."

"మరి ఆయనది ఏంది? చెప్పు, ఇప్పుడే పోయి తెస్త."

నలభై ఒక్క ఏళ్లు ఆ మనిషికి అన్నం పెట్టాను. ఆయన కంటి ఆపరేషన్ ఏ తారీఖున అయిందో, చేలో బోరు వేస్తే ఎన్ని అడుగుల కింద నీళ్లు పడ్డాయో ఇప్పుడు అడిగినా చెబుతాను. ఆయన ఏ విస్కీ తాగేవాడో మాత్రం నాకు తెలియదు.

తెలియకపోవడానికి కారణం మా అత్త. ఆమె కల్లు తాగేది, కొడుకు తాగినా ఏమీ అనేది కాదు. కల్లు చెట్టు ఇచ్చినది. చీటీ అతికించిన సీసా మాత్రం ఇంట్లోకి రాకూడదు, అది ఇల్లు ముంచేది అని ఆమె పట్టు. అందుకని మా ఆయన బయటే సీసా విప్పి, పాత షర్బత్ సీసాలో పోసి తెచ్చేవాడు. వారానికి రెండు సాయంత్రాలు, గేటు పక్కనున్న చిన్న గదిలో ఒక్కడే కూర్చుని తాగేవాడు. అన్న ముందు తమ్ముడు తాగడు కాబట్టి మా మరిదికీ తెలియదు. మద్యం దుకాణాలు రెండేళ్లకోసారి చేతులు మారుతాయి, అక్కడా ఆయనను ఎరిగినవాళ్లు లేరు. ఆ షర్బత్ సీసాను ఆయన పోయిన పదో రోజున చుట్టాలెవరో కడిగి బోర్లించారు.

పెత్రమాసకు పెద్దలు వాసనను బట్టి వస్తారని మా అత్త చెప్పేది. నాకు ఆ మాటమీద నమ్మకముంది. వచ్చిన మనిషి గ్లాసు దగ్గర ఆగి, ఇది మా ఇల్లు కాదేమోనని వెనక్కి తిరిగిపోతే? వచ్చే ఏడు ఆ గ్లాసులో ఆయనదే ఉండాలని ఆ పూటే అనుకున్నాను.

మార్కెట్ యార్డు ఆఫీసులో ముప్పై రెండేళ్లు పనిచేశాను. కందులు, పెసర్లు వచ్చేవి. ప్రతి బస్తా నుంచి మచ్చు తీసి పళ్లెంలో పోసేవాళ్లం. పళ్లెం మీద అంకె ఉండేది తప్ప రైతు పేరు ఉండేది కాదు. పేరు చూస్తే కన్ను మోసపోతుంది. మనూర్ పెద్ద రైతు గింజైనా, కల్హేర్ కౌలు రైతు గింజైనా పళ్లెంలో ఒకటే. విస్కీకైనా అంతే అనుకున్నాను.

తొలి వానలు పడ్డాక ఒక ఆదివారం పొద్దున పది గంటలకు, దుకాణం తెరవగానే నేనే వెళ్లాను. ఇనుప జాలీ వెనక కూర్చున్నవాడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కొడుకు మీదనో మొగుడి మీదనో కొట్లాటకు వచ్చాననుకున్నాడు.

"ఎవరి కోసం వచ్చినవ్ అవ్వా?"

"నా కోసమే. పదేండ్ల కిందటి సంది గీ ఊర్ల మామూలు మనుషులు తాగుతున్న విస్కీలు నాలుగు రకాలియ్యి. ఒక్కోటి క్వార్టరే."

వరుసలో ఉన్న నలుగురూ నాకు దారిచ్చి, సలహాలూ ఇచ్చారు. ఒకడు నీలం మూతది అన్నాడు, ఇంకొకడు ఎర్ర చీటీది అన్నాడు. వెనక నుంచి ఎవడో "అవ్వా, చికెన్ పకోడి పక్క దుకాణంల దొరుకుతది" అన్నాడు. "నీకు పండ్లున్నయి, నువ్వు తిను బిడ్డా" అన్నాను.

ఇంట్లో నన్ను లోపలి గదిలో కూర్చోబెట్టి, ఊళ్లోనే వేరింట్లో ఉండే మా మరిది నాలుగు సీసాలకూ పాత క్యాలెండర్ కాగితం చుట్టి అంకెలు వేశాడు. తన ఫారిన్ సీసాలో మిగిలినదీ కలపాలని పట్టుబట్టాడు. సరేనన్నాను. మొత్తం ఐదు. ఒకే కొలత స్టీలు గ్లాసులు ఐదు, ఒకే కుండ నీళ్లు, ఒక టీ చెంచా. వాసనకు మూడు మార్కులు, గొంతులో దిగే తీరుకు రెండు, ఆయన పోలికకు ఐదు. మొత్తం పదికి.

పండుగలకు కల్లు తాగినదాన్నే గానీ విస్కీ నోట్లో పోసుకోవడం అదే మొదలు. ఒకటో నంబరు సూది వేసేముందు చేతికి రాసే దూది వాసన. మూడు మార్కులు. రెండోది మాడిన బెల్లం పాకం, నాలుక మీద బాగుంది, నాలుగు. మూడోది తడి కట్టెల పొయ్యి.

"మూడోదానికి ఇంకోసారి వాసన చూడు వదినా" అన్నాడు మా మరిది.

"అది నీదే గదా?"

"నేను చెప్పలే!"

"చెప్పినవ్. రెండు మార్కులు."

నాలుగోది కొత్త చెప్పుల వాసన, గొంతులో సన్నగా దిగింది, నాలుగు. ఐదోదానికి రెండు. పోలిక కింద ఏ ఒక్కదానికీ ఒకటికి మించి వేయలేకపోయాను.

పక్కింటామె ప్రహరీ మీదుగా తొంగిచూసింది. ముప్పై ఏళ్లుగా మాకు ఒకటే గోడ. ఆమె మద్యం వాసనైనా సహించదు. "అరె అక్కా! పొద్దుగాల పొద్దుగాల మీ ఇంట్ల దవాఖాన వాసనేంది?" అంది. సంగతి చెప్పాను. "తౌబా తౌబా" అని కొంగు ముక్కుకు పెట్టుకుంది గానీ గోడ మీది నుంచి దిగలేదు. "ఏది గెలిచింది?" అనడిగింది.

ఏదీ గెలవలేదు. ఆ మధ్యాహ్నం గ్లాసులు కడుగుతుంటే తట్టింది. నేను ఆయన విస్కీని గ్లాసులో ఎన్నడూ వాసన చూడలేదు. ఆ గదిలోకి నేను వెళ్లేదాన్ని కాదు. ఆయన తాగి, కాసేపు ఆగి, వంటింటి గడప దగ్గరికొచ్చి "అన్నం వెయ్యి" అనేవాడు. ఆ మాటతో పాటు వచ్చిన వాసనే నాకు తెలిసిన వాసన. అయితే పరీక్ష అట్లాగే పెట్టాలి.

మరుసటి ఆదివారం మా మరిదిని ఆ చిన్న గదిలో కూర్చోబెట్టాను. రెండు పెగ్గులు, కుండ నీళ్లు, పుట్నాలు. అరగంట ఆగి వంటింటి గడప దగ్గరికి రావాలి, "అన్నం వెయ్యి" అనాలి. వారానికి ఒక నంబరు.

"వదినా, గిసొంటి పరీక్షలు బడిల ఉంటే నేను పది పాసయ్యేటోన్ని" అన్నాడు మొదటి వారం.

గడప దగ్గర నిలబడి మొహమాటంగా "అన్నం వెయ్యి వదినా" అన్నాడు.

"వదినా అనకు. ఆయన అనేటోడు గాదు."

"మరి ఏమనాలె? నువ్వు నాకు వదినవే గద!"

"అన్నం వెయ్యి. గంతే."

నాలుగో వారానికి సరదా తీరింది. "నా కడుపు పాడైతుంది. ఇంట్ల నీ తోడికోడలు పరేషాన్ అయితుంది, మర్యాదగ తాగనీకి వదినె పిలుస్తుందంటే నమ్ముతలేదు" అన్నాడు. పద్ధతి పద్ధతే అన్నాను. ఐదు వారాలూ వచ్చాడు.

ఈసారి మార్కులు పెరిగాయి. రెండో నంబరుకూ నాలుగో నంబరుకూ ఆరేసి వచ్చాయి. అయినా ప్రతిసారీ ఒకటి తక్కువైంది. ఆయన నోటి వాసనలో అడుగున పచ్చిగా, వగరుగా ఒకటి ఉండేది. అది విస్కీలోనిదేనని నలభై ఒక్క ఏళ్లు అనుకున్నాను. ఐదింటిలోనూ అది లేదు. మళ్లీ దుకాణానికి వెళ్లి ఇంకో రెండు రకాలు తెచ్చాను. వాటిలోనూ లేదు. పెత్రమాస దగ్గర పడుతోంది. మా మరిది "ఇగ ఫారిన్‌దే పెడదాం వదినా, అన్న ఏమనుకోడు" అన్నాడు. ఏమీ అనుకోడని నాకూ తెలుసు. బతికున్నప్పుడూ కూరలో ఉప్పు లేకపోతే ఏమీ అనేవాడు కాదు, లేచి వెళ్లేవాడు. నేను భయపడింది దానికే. పెట్టనని చెప్పాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం పక్కింటామె గోడ అవతల నుంచి కేకేసింది.

"అక్కా, మీ జామకొమ్మ మా దండెం మీదికి వచ్చింది. బట్టలన్నిటికీ మరకలు. కొట్టియ్యి."

మా గేటు పక్కన, చిన్న గదికి ఆనుకుని జామచెట్టుంది. "ఎన్నడూ లేంది ఇప్పుడే వచ్చిందా?" అన్నాను.

"మీ ఆయన ఉన్నప్పుడు పెరగనిచ్చిండా? ఎప్పుడు జూసినా చిగురు గిల్లుతుండె. గిల్లి నోట్ల ఏసుకుంటుండె. పండ్ల నొప్పి కావొచ్చు అనుకున్న నేను, పాపం."

ఆయనకు పళ్ల నొప్పి లేదు. చనిపోయే నాటికి ముప్పై రెండు పళ్లూ ఉన్నాయి. నేను గేటు దగ్గరికి వెళ్లి, చెయ్యి చాస్తే అందే కొమ్మ చూశాను. కింది కొమ్మల మీద పాత గిల్లుళ్ల ముడులు వరుసగా ఉన్నాయి, వాటి పైనుంచి కొత్త రెమ్మలు గోడ దాటి పోయాయి. ఒక చిగురు తుంచి నమిలాను. వగరు. పచ్చి.

మా మరిదికి ఫోన్ చేశాను.

"మీ అన్న తాగినంక జామాకు నమిలేటోడా?"

"ఆ, నమిలేటోడు. అందరం నమిలినోళ్లమే. సీసా మందు తాగిననాడు మా నాయిన గూడ నమిలేటోడు. అమ్మకు వాసన రావొద్దని."

"మరి ఇన్ని వారాలు నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడగలే గద వదినా! గది నీకు ఎర్క లేదా? నీ కాడ దాచుడేంది, నువ్వే పోపిచ్చి తాగిపిస్తివి, నేనెందుకు నములుత?"

ఫోన్ పెట్టేసి గడప మీద కూర్చున్నాను. అత్తకు వాసన రాకూడదని నమిలాడు, సరే. కానీ మా అత్త పోయింది మా చిన్నమ్మాయి ఏడో తరగతిలో ఉన్నప్పుడు. ఆయన పోయేనాటికి అత్త పోయి పంతొమ్మిదేళ్లు దాటాయి. ఆ పంతొమ్మిదేళ్లు ఈ ఇంట్లో ఆ వాసన దాచాల్సిన మనిషి ఇంకెవరూ లేరు. పిల్లలు ఒక్కొక్కరే చదువులకని, పెళ్లిళ్లయి వెళ్లిపోయారు. చివరికి ఉన్నది నేను ఒక్కదాన్నే. ఆయన తాగుతాడని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. అయినా గేటు దగ్గర ఆగి చిగురు తుంచుకుని, నమిలి ఉమ్మేసి, అప్పుడు వచ్చి అన్నం అడిగాడు. దాచానని ఆయన అనుకున్నాడు. నేనేమో ఆ దాపరికాన్నే విస్కీ అనుకున్నాను.

కొమ్మ కొట్టించలేదు. పక్కింటామె దండేన్ని రెండు మూరలు జరిపి కట్టించాను.

పెత్రమాసకు ఇంకా వారం ఉంది. మళ్లీ మొదటి నుంచి పరీక్ష పెట్టాను. ఆదివారాల కోసం ఆగే సమయం లేదు, రోజుకు ఒక నంబరు. మా మరిది దండం పెట్టాడు, తిట్టాడు, వచ్చాడు. తాగి, చిగురు నమిలి, గడప దగ్గర నిలబడి, నేర్చుకున్న మాట అన్నాడు. ఒకటోదానికి ఐదు. రెండోది బెల్లం తీపితో వగరును మింగేసింది, ఆరు. తన ఫారిన్‌దానికి మూడు.

నాలుగో రోజు నేను పొయ్యి వైపు తిరిగి పప్పు తాలింపు వేస్తున్నాను. వెనక నుంచి "అన్నం వెయ్యి" అని వినబడింది. నేను తిరగలేదు. చెయ్యి దానంతట అదే పళ్లెం అందుకుంది, రెండు గరిటెల అన్నం వేసింది, ఉల్లిగడ్డ కోయడానికి కత్తి తీసింది. అప్పుడు తిరిగి చూశాను. మా మరిది నిలబడి ఉన్నాడు.

"ఏమైంది వదినా? ఎన్ని?"

"తొమ్మిదిన్నర."

"గా అర మార్కు ఏడికి వోయింది?"

"బీడీ తాగి వచ్చినవ్. ఆయన తాగేటోడు గాదు."

కాగితం విప్పి చూపించాడు. ఎర్ర చీటీది. ఈ ఊళ్లో సగం మంది తాగేదే. మా మరిది ముఖం చిన్నబోయింది. "గింత మామూల్దా, మా అన్న తాగింది?" అన్నాడు.

"మచ్చు పేరు జూడొద్దయ్యా" అన్నాను.

మిగిలిన నంబర్లకూ పరీక్ష పూర్తి చేశాను. మధ్యలో ఆపితే ఆ తొమ్మిదిన్నరకు విలువ లేదు. వేరే ఏదీ ఏడు దాటలేదు.

పెత్రమాస పొద్దున విస్తరి వేశాను. జొన్నరొట్టె, తలకాయ కూర, ఉల్లిగడ్డ. మా మరిది ఎర్ర చీటీ సీసాను గేటు బయటే విప్పి, కడిగి దాచిన ఆ షర్బత్ సీసాలో పోసి తెచ్చాడు. నేను చెప్పలేదు, వాడికే తోచింది. గ్లాసు నింపాడు. నేను రెండు జామచిగుళ్లు తుంచి, గ్లాసుకు ఎడమ పక్కన పెట్టి, మళ్లీ తీసి కుడి పక్కకు మార్చాను. విస్తరి ముందు కూర్చున్నవాడికి చెయ్యందేది అటే. తలుపు తెరిచి అందరం బయటికొచ్చి కూర్చున్నాం. ఆనవాయితీ ప్రకారం కాసేపు ఎవరూ లోపలికి చూడలేదు.

తర్వాత పెద్దలకు పెట్టినదాన్ని ఇంటివాళ్లు పంచుకోవాలి. మా మరిది గ్లాసు తీసుకుని చిన్న గదిలోకి వెళ్లాడు. నేను వంటింట్లో విస్తర్లు సర్దుతున్నాను. కిటికీలోంచి గేటు కనిపిస్తుంది. వాడు గదిలోంచి వచ్చి, అటూ ఇటూ చూసి, చెట్టు దగ్గర ఆగాడు. ఆ రోజు పరీక్షేమీ లేదు. నమలమని నేను చెప్పలేదు. చిగురు తుంచి నోట్లో వేసుకున్నాడు, నమిలాడు, గోడ పక్కన ఉమ్మేసి మూతి తుడుచుకున్నాడు.

గడప దగ్గరికి వచ్చి, "వదినా, ఆకలైతుంది" అన్నాడు.

వాసన నాకు అందింది. అందనట్టే తల వంచుకుని అన్నం వేశాను.