బీపీ రోజు వెల్లుల్లి వాసన

ఈ ఉదయం మా పటాన్‌చెరు ఫ్యాక్టరీలో బీపీ పరీక్ష కోసం వరుసలో నిలబడ్డాను. నా ముందున్న కొత్త కార్మికుడి నోటి నుంచి పచ్చి వెల్లుల్లి వాసన గుప్పుమంది. పక్కవాళ్లు ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లు చెమర్చాయి. మా శాంతమ్మ సిస్టర్ గుర్తొచ్చారు.

ఆమె మా ఫ్యాక్టరీ నర్సుగా రోజూ సంగారెడ్డి నుంచి బస్సులో వచ్చేవారు. పొట్టి మనిషే కానీ గొంతు షెడ్డు ఈ మూల నుంచి ఆ మూలకు వినపడేది. క్యాంటీన్‌లో మా పళ్లెం మీద ఆమె కన్ను పడిందంటే అయిపోయినట్టే. "యాదగిరీ, బువ్వల తొక్కు కలుపుకున్నవా, తొక్కుల బువ్వ కలుపుకున్నవా?" అని నలుగురిలో అడిగేవారు. ఇస్నాపూర్ కిరాయి గదుల్లో ఉండే మాకు తొక్కు, అంటే పచ్చడే కూర, అదే పులుసు. అయినా అంత ఉప్పు బీపీకి మంచిది కాదని ఆమె అంటుంటే, సిగ్గుపడి సగం పక్కకు తీసేవాడిని.

ఏడాదికోసారి కంపెనీ మా అందరికీ బీపీ చూపించేది. మంచి పనే. కానీ ఎక్కువ వచ్చినవాడిని కాంట్రాక్టరు మర్నాడు గేటు దాటనిచ్చేవాడు కాదు. అందుకని పరీక్ష రోజు పొద్దున్నే ప్రతివాడూ వెల్లుల్లి రేకలు నమిలి వచ్చేవాడు. ఎవరు మొదలుపెట్టారో గానీ అది మాకో ఆచారమైపోయింది. సిస్టర్ కొత్తగా చేరిన ఏడు, నా చేతికి బీపీ పట్టీ చుట్టబోయి ఆగారు.

"ఏంది బిడ్డా, షెడ్డంత ఎల్లిగడ్డ వాసనొస్తుంది?"

ఉన్నమాట చెప్పేశాను. "ఎక్కువొస్తే కొలువు పోతది సిస్టర్. ఇంటికాడ పిల్లలున్నరు."

"ఒక్క పూట నమిలితే బీపీ దిగుతదా? క్రేన్ నడిపెటోనివి. పైన నీకు కండ్లు తిరిగితే కిందున్నోళ్ల గతేంది?" అని కోప్పడ్డారు. తర్వాత మెల్లగా, "కూసో. నీ కొలువు సంగతి నేను జూస్కుంట" అన్నారు.

నాకు ఎక్కువే వచ్చింది. మేనేజరు వచ్చి, బీపీ ఉన్నవాళ్ల పేర్లు కాంట్రాక్టరుకు ఇమ్మన్నాడు.

"పేర్లు డాక్టరుకే ఇస్త సార్," అన్నారు సిస్టర్. "వీళ్లను తీసేస్తే వచ్చే ఏడు ఒక్కడు గూడ నిజం జూపియ్యడు, క్రేన్ మీదికెల్లి ఎవడో ఒకడు పడేదాంక. తీసెయ్యాల్నంటే ముందుగాల నన్ను తీసెయ్యుండ్రి."

ఆ మాట అన్నది తన ఒక్క జీతంతోనే ఇల్లు నెట్టుకొస్తున్న మనిషి. మేనేజరు నా వైపు చూసి, "మరి ఇతన్నేం చేద్దాం?" అన్నాడు.

"బీపీ దిగేదాంక స్టోర్ల పని ఇయ్యుండ్రి. జీతం మాత్రం గదే."

అలాగే జరిగింది. మాత్రలు వేసుకుంటూ స్టోర్‌లో పనిచేసి, డాక్టరు సరేనన్నాక మళ్లీ క్రేన్ ఎక్కాను. ఆ రోజు ఆమె కింద నిలబడి చెయ్యి ఊపారు. సిస్టర్ రిటైరైనా, బీపీ వచ్చినవాణ్ణి తీసెయ్యకుండా వేరే పని ఇచ్చే ఆ పద్ధతి ఇప్పటికీ మా దగ్గర నడుస్తోంది. వేరే కంపెనీల వాళ్లు అడిగితే, మా సిస్టర్ తెచ్చిందని ఛాతీ విరుచుకుని చెబుతాను.

ఈ ఉదయం ఆ వెల్లుల్లి మనిషి వంతు వచ్చింది. ఒడిశా నుంచి వచ్చి చిట్కుల్‌లో ఉంటున్నాడట. కొత్త నర్సు పట్టీ అందుకోగానే చేతులు ఒళ్లో దాచుకున్నాడు. వెళ్లి అతని పక్కన కూర్చున్నాను.

"డరో మత్ భాయ్, నౌకరీ నహీ జాయేగీ," భయపడకు, కొలువు పోదని అతనికి అర్థమయ్యే హిందీలో చెప్పాను.

అతను నన్నూ నర్సునూ మార్చి మార్చి చూసి, నెమ్మదిగా చొక్కా చెయ్యి పైకి మడిచాడు.