ఆంటీ నడిచిన వెరోనా

పోయిన ఆదివారం పొద్దున్నే ఆంటీ వాళ్ళ అమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, మమ్ ఈజ్ గాన్" అంది. నిద్రలోనే పోయారట. అప్పటి నుంచీ నాకు ఏడుపు రావడం లేదు, నా మీద నాకే ఒళ్ళుమండిపోతోంది.

అడిలైడ్‌లో చదువుకునే రోజుల్లో మాసన్ లేక్స్ అనే పేటలో ఆంటీ వాళ్ళింట్లో ఒక గదిలో ఉండేదాన్ని. ఆంటీది కాకినాడ. వృద్ధుల్ని చూసుకునే ఒక హోమ్‌లో నర్సు. నేను యూనివర్సిటీ నుంచి వచ్చి ఏ గోడు మొదలుపెట్టినా, "ముందు కాళ్ళు కడుక్కో, కష్టం ఎక్కడికీ పోదు" అనేవారు.

ఆ హోమ్‌లో వెరోనా అనే ఊరి నుంచి వలస వచ్చిన ఒక ముసలాయన ఉండేవాడు. పిల్లల పేర్లు కూడా మరిచిపోయాడు గానీ, చిన్నప్పుడు తన ఇంటి నుంచి రొట్టెల దుకాణానికి నడిచిన దారి మాత్రం రోజూ ఆంటీకి చెప్పేవాడట. ఆయన పోయాక, ఆ దారిని ఒక్కసారి నడిచి చూడాలని ఆవిడకు పట్టుకుంది. కూతురికి పరీక్షలు. నన్ను తోడు రమ్మన్నారు.

పేరుమోసిన ప్రేమకథ జరిగిన ఊరని నేను సంబరపడ్డాను. తీరా వెళ్తే మాడు పగిలే ఎండ. ఆంటీ బస్సెక్కనివ్వరు. ఆవిడ చేతిలో ముసలాయన చెప్పిన గుర్తులు రాసుకున్న ఒక చీటీ: గంటస్తంభం, ఎర్ర గోడ, నీళ్ళ కుళాయి, ఎడమకి. ఆ ఊళ్ళో ఎర్ర గోడ లేని వీధే లేదు. మూడుసార్లు తిరిగి తిరిగి అదే చర్చి ముందు తేలాం.

"మ్యాప్‌లోనే లేదాంటీ! ఆయనకి మతి లేదు కదా, ఆ మాటలు పట్టుకుని ఎంతసేపు?" అని నడివీధిలో అరిచేశాను.

ఆవిడ చీటీ మడుచుకుంటూ, "మతి పోతే కాళ్ళు కూడా మరిచిపోతాయేంటమ్మా? నువ్వెళ్ళి ఫోటోలు దిగు. నాలుగింటికి రాతి వంతెన దగ్గరికొస్తా" అన్నారు.

వెళ్ళాను. ఆ ప్రేమకథలో అమ్మాయిదని చెప్పి అందరూ ఫోటోలు దిగే బాల్కనీ కింద జనం తలలు తప్ప ఏమీ కనబడలేదు. నాలుగింటికి వంతెన దగ్గర ఆవిడ లేరు. ఐదు దాటాక వచ్చారు. మా రైలు వెళ్ళిపోయింది.

"దొరికిందే! లోపలికి రమ్మన్నారు, ఆ పొయ్యి..." అంటూ మొదలుపెట్టారు.

"ట్రైన్ పోయిందాంటీ" అని చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

మళ్ళీ ఆవిడ చెప్పలేదు. నేను అడగలేదు. ఉద్యోగం వచ్చి సిడ్నీకి మారాక, పండగలకి చేసే ఫోన్లలో ఎన్నిసార్లు అడగొచ్చో! మొన్న వాళ్ళమ్మాయిని అడిగాను, అక్కడేం చూశారో అమ్మ ఎప్పుడైనా చెప్పిందా అని.

"నో అక్కా. యూ వర్ విత్ హర్, రైట్?" అంది.

వెరోనాలో ఆ సాయంత్రం, తర్వాతి రైలు కోసం స్టేషన్ బెంచీ మీద ఆంటీ బూట్లు విప్పి, వాచిన పాదాలు చల్లటి గచ్చు మీద ఆనించి కూర్చున్నారు. నీలం కుర్తా చేతులకి మోచేతుల దాకా తెల్లగా పిండి. కాగితం పొట్లం విప్పి, ఇంకా వేడిగా ఉన్న రొట్టెను రెండుగా తుంచి, సగం నా వైపు చాపారు. నేను పట్టాల వైపు చూస్తున్నాను. ఆ చెయ్యి చాలాసేపు అలాగే ఉంది.