అప్పాసామి అన్న నెంబరు

తమిళనాడులో మా కోవిల్‌పట్టిలో, బస్టాండు వెనకాల మా వీధిలో, అప్పాసామి అన్నకి ఉన్నంతమంది చుట్టాలు ఇంకెవరికీ లేరని ఒకప్పుడు నేనే ఎగతాళి చేసేదాన్ని. నిజానికి ఆయనకి పెళ్ళాం లేదు, పిల్లలు లేరు. ఆ చుట్టాలంతా ఫోనులోంచి వచ్చేవాళ్ళు, పని కాగానే ఫోనులోకే వెళ్ళిపోయేవాళ్ళు.

నా కుట్టుమిషను అంగడి పక్కనే ఆయన బ్రౌజింగ్ సెంటరు. మూడు కంప్యూటర్లు, ఒక జెరాక్సు మిషను, చెప్పులు బయట విప్పమని రాసిన అట్టముక్క. పదిహేనేళ్ళ కిందట ఎవరు ఏ దరఖాస్తు పెట్టాలన్నా అక్కడికే రావాలి. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు, విళాత్తికుళం వైపు నుంచి మిరప రైతులు వచ్చేవాళ్ళు. దరఖాస్తుకి మెయిల్ కావాలి, మెయిల్‌కి ఫోను నెంబరు కావాలి. వాళ్ళలో సగంమందికి ఫోనే లేదు. ఉన్నవాళ్ళు ఆరునెలలకొక సిమ్ మార్చేవాళ్ళు. అందుకని అన్న అందరికీ తన నెంబరే పెట్టేవాడు. పాస్‌వర్డూ తనే పెట్టి కాగితం మీద రాసిచ్చేవాడు. ఆ కాగితం ఇల్లు చేరకముందే పోయేది.

"ఊరందరికీ నీ నెంబరు ఇస్తా ఉండావే అన్నా, రేపు ఏమన్నా అయితే ఎట్ల?" అని అడిగాను ఒకసారి.

"జామీను పడినట్ల అనుకో పుష్పం. నమ్మి వస్తా ఉండారు గదా" అన్నాడు. ఆ 'నమ్మి' అనే మాట పలికినప్పుడు ఆయన ముఖం ఎంత విప్పారిందో నేను చూశాను.

పాస్‌వర్డ్ మర్చిపోయిన ప్రతివాడూ కొత్తది పెట్టుకోబోతే ఆరంకెల కోడు అన్న ఫోనుకే వచ్చేది. వెంటనే అవతలి నుంచి పిలుపు. "అన్నా, నెంబరు వచ్చెనా?" అన్న అంత తేలిగ్గా చెప్పేవాడు కాదు. వాన కురిసెనా, మీ అమ్మ మోకాలు ఎట్ల ఉండాది, చిన్నబిడ్డ బడికి పోతా ఉండాదా, అన్నీ అడిగి, చివరికి రెండేసి అంకెలుగా చదివేవాడు. బయటివాళ్ళతో తమిళం, మన ఇళ్ళవాళ్ళతో మన తెలుగు. గోడకి ఇవతల మిషను తొక్కుకుంటూ ఊళ్ళో సంగతులన్నీ నేను అలాగే వినేదాన్ని.

అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు వచ్చాక సెంటరు మూతపడింది. అన్న వెనకగదిలోనే ఉండిపోయాడు, పాత మీటల ఫోనుతో. జనం ఒక్కొక్కరే సొంత నెంబరు పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఎలా మార్చుకోవాలో ఆయనే ఓపిగ్గా చెప్పేవాడు. మార్చిన ప్రతిసారీ ఆయన ఫోనుకి ఒక మెసేజి వచ్చేది, ఈ ఖాతా నుంచి మీ నెంబరు తీసేశారు అని. చదివి జేబులో పెట్టుకునేవాడు. రోజుకి పది పిలుపులు పోయి, పదిరోజులకి ఒకటయింది. తర్వాత అదీ లేదు. మూసిన షట్టరు ముందు మెట్టు మీద కూచుని ఫోను తీసి చూసుకోవడం, మళ్ళీ పెట్టుకోవడం. మిషను దగ్గర్నుంచి నేను చూస్తూనే ఉండేదాన్ని. అయినా లేచి వెళ్ళి పక్కన కూచున్నానా అంటే లేదు. గుండీలు కుట్టాల్సిన జాకెట్లు ఒళ్ళో ఉండేవి, అదే నా సాకు.

చివరికి ఆ నెంబరు మీద మిగిలింది బృంద ఒక్కతే. అన్న తమ్ముడి కూతురు. తల్లి పోయి, తండ్రి ఇంకో పెళ్ళి చేసుకుంటే, పదో తరగతి నుంచీ అన్న దగ్గరే పెరిగింది. చదువు ముగించి, ఇప్పుడు విరుదునగర్‌లో ఒక పప్పుల కంపెనీ ఆఫీసులో పని చేస్తోంది, అక్కడే ఆడపిల్లల హాస్టల్లో ఉంటోంది. పిల్ల చెడ్డది కాదు. ఆయన పిలిస్తే మాత్రం "పనిలో ఉండాను పెదనాయనా, మళ్ళా పిలుస్తా" అనేది. ఆ మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

ప్రతినెలా మొదటి ఆదివారం మధ్యాహ్నం అన్న మా అంగడికి వచ్చేవాడు. "పుష్పం, నీ ఫోను ఒక నిమిషం ఇస్తివా? వార్తలు చూడాల." ఇచ్చేదాన్ని. అయిదు నిమిషాల్లో తిరిగిచ్చేవాడు. కాసేపటికే ఆయన ఫోను మోగేది. బయటికి వెళ్ళి అరగంట మాట్లాడి, వెలిగిపోయే ముఖంతో వచ్చేవాడు. "బృంద పిలిచెను" అనేవాడు. ఆదివారం గదా, పిల్లకి తీరిక దొరికిందనుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో చూడండి.

పోయిన నెల ఆ పిలుపు వచ్చినప్పుడు అన్న ముఖం వెలగలేదు. బృంద గొంతు నాకూ వినపడుతోంది. ఎవరో తన మెయిల్ తెరవాలని చూస్తున్నారట. ఆఫీసులో ఒక అక్క, పాస్‌వర్డూ పాత నెంబరూ రెండూ వెంటనే మార్చెయ్యమందట. "కోడు నీకే వస్తుంది పెదనాయనా. ఇప్పుడే మారుస్తా, చెప్పు" అంటోంది.

"కోడు ఫోనులో చెప్పకూడదమ్మా. నేనే వస్తాను" అన్నాడు అన్న.

ఏళ్ళ తరబడి ఊరందరికీ కోడ్లు ఫోనులోనే చదివిన మనిషి! నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

బుధవారం బయలుదేరాడు. నాకూ విరుదునగర్‌లో ఎండుమిరపకాయలు కొనే పని ఉంటే తోడు వెళ్ళాను. సాత్తూరు దాటాక, కిటికీ వైపు చూస్తూ, "పుష్పం, ఆ దొంగను నేనే" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు విప్పి చెప్పాడు. నా ఫోను తీసుకుని, బృంద మెయిల్ కొట్టి, పాస్‌వర్డ్ మర్చిపోయానని నొక్కేవాడట. కోడు తన ఫోనుకి వచ్చేది. ఎవరో ప్రయత్నిస్తున్నారని హెచ్చరిక బృందకి వెళ్ళేది. ఆ పిల్ల భయపడి ఈయనకి ఫోను చేసేది. ఏడాదిగా ఇదే తంతు. ఒక్కసారి కూడా ఆయన లోపలికి వెళ్ళలేదు, వెళ్ళాలని ఆయన కోరికా కాదు.

"నీకు బుద్ధుండాదా అన్నా? బిడ్డను బెదిరిస్తివి, అదీ నా ఫోనుతో!"

"నేను పిలిస్తే ఒక నిమిషం మాట్లాడుతుంది. తను పిలిస్తే అరగంట. భయం పోయేదాకా మాట్లాడిస్తాను. ఏమి తినెనో, ఎవరితో ఉండాదో, అన్నీ చెప్తుంది" అన్నాడు. కొంచెం ఆగి, "ఈ పొద్దు చెప్పేస్తాను. తిడితే తిట్టనీ" అన్నాడు. కోపంతో నా చెవులు మండుతున్నాయి. ఏడుపూ వస్తోంది. నా ఫోను తీసి సంచి అడుక్కి తోశాను.

బృంద భోజనం టైముకి ఆఫీసు ఎదుటి టీ అంగడికి వచ్చింది. చిక్కిపోయింది. కళ్ళకింద నలుపు. డబ్బా తెరిచి నిమ్మకాయ అన్నం పెదనాయనకి సగం పెట్టింది. "నెలనెలా వస్తా ఉండాడు పెదనాయనా ఆ దొంగ. నిద్ర పట్టేది లేదు. హాస్టల్లో పక్కమంచం పిల్ల మీద కూడా అనుమానం వచ్చె, దానితో మాటలు మానేస్తిని" అంది.

నేను బల్ల కింద అన్న కాలు తొక్కాను. ఆయన నోరు తెరిచాడు. బృంద ఆయన్ని చూసి, "నువ్వు ఉండబట్టి సరిపోయెను. వేరే ఎవరి నెంబరన్నా అయ్యుంటే ఆ కోడు ఎప్పుడో ఇచ్చేసి ఉందురు" అంది. అన్న నోరు మూసుకున్నాడు. గ్లాసులో టీ చల్లారిపోయింది.

పని మొదలుపెట్టారు. సెట్టింగులు ఎక్కడున్నాయో ఆయనే వేలితో చూపించాడు. ఆయన ఫోనుకి కోడు వచ్చింది. రెండేసి అంకెలుగా చదివాడు, చాలా నెమ్మదిగా. బృంద కొత్త పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఆయన ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నాడు. "నువ్వు చూస్తే ఏమి పెదనాయనా?" అంటే, "ఎవరూ చూడకూడదమ్మా" అన్నాడు. బృంద తన సొంత నెంబరు చేర్చుకుంది. ఇక పాత నెంబరు తీసెయ్యడమే మిగిలింది. బృంద వేలు అక్కడ ఆగింది. "అట్లే ఉండనీ అంటావా?"

ఇలాంటి మాట కోసమే గదా ఏడాదిగా ఆ తంతంతా. ఊ అంటే చాలు.  అన్న ఆ పిల్ల కళ్ళకింద నలుపు చూశాడు. ఆ పిల్ల ఫోను తన చేతిలోకి తీసుకుని, 'తీసెయ్' అని ఉన్నచోట తనే నొక్కాడు. ఆయన జేబులో మెసేజి మోగింది. తీసి చూడలేదు.

"ఇంగ వాడు రాడు గదా పెదనాయనా?"

"రాడమ్మా. వాడికి ఇంగ దారి లేదు" అన్నాడు.

"పక్కమంచం పిల్లతో మాట్లాడు. అది కాదు" అని కూడా అన్నాడు. బృంద ఎందుకని అడగలేదు. టైమయిందని డబ్బా మూసుకుని పరుగెత్తింది. నాకు మిరపకాయలు కొనబుద్ధి కాలేదు. వచ్చిన బస్సు ఎక్కేశాం.

ఆ తర్వాత మొదటి ఆదివారం అన్న నా ఫోను అడగలేదు. మెట్టు మీదే కూచున్నాడు. మధ్యాహ్నం మోగింది నా ఫోను. బృంద. దీపావళి జాకెట్టుకి చేతులు కొంచెం పొడుగు పెట్టమని చెప్పడానికి. మాట మధ్యలో, "ఇప్పుడు బాగా నిద్ర పడతా ఉండాది అత్తా. పెదనాయనతో కూడా చెప్పు" అంది. ఆయన పక్కనే ఉన్నాడు, ఇస్తానుండు అనేలోపు పెట్టేసింది.

మిషను ఆపి, లేచి వెళ్ళి మెట్టు మీద ఆయన పక్కన కూచున్నాను. ఆ పిల్ల చెప్పమన్నది చెప్పాను.

"ఎట్ల అనెను? ఆ మాట ఇంకొకసారి చెప్పు పుష్పం" అన్నాడు. చెప్పాను.