నా భుజం మీద జొన్నపిండి

హాస్టల్లో అందరూ చుట్టూ చేరి దయ్యాల కథలు చెప్పుకుంటుంటే అందరికంటే ముందు నిద్రపోయేది ఎప్పుడూ నేనే. బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. తలుపు దానంతటది కదిలితే గాలి, కప్పు మీద చప్పుడైతే పిల్లి. ఇప్పటికీ నా నమ్మకం అదే. దయ్యాలు లేవు.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, కిందటి ఏడాది మా ఇంట్లో ఒక మధ్యాహ్నం జరిగినదాన్ని నేను ఏ రకంగానూ వివరించలేను. వివరాలు మర్చిపోకముందే రాసి పెట్టుకోవాలనిపించింది. గ్యాస్ కట్టేశానా లేదా అని రెండుసార్లు లేచి చూసే మనిషిని నేను. జ్ఞాపకాల విషయంలోనూ అంతే. పాప ఇప్పుడే పడుకుంది. ఆయనది రాత్రి షిఫ్టు. రాయడానికి ఇదే సమయం.

మాది పాలకొల్లు. మా ఆయన ఉద్యోగం ఇక్కడి ఫ్యాక్టరీలో కావడంతో పెళ్ళయ్యాక జహీరాబాద్ వచ్చాం. కింద వాటాలో మేము అద్దెకుంటాం, పైన ఇంటి యజమాని సంగమ్మగారు. ఝరాసంగం దగ్గర పల్లెలో వాళ్ళకు పొలాలున్నాయి. కొడుకు, కోడలు వ్యవసాయం చూసుకుంటారు. ఆవిడ ఒక్కరే ఇక్కడ.

పాపకు ఆరు నెలలప్పుడు నాకు జ్వరం వచ్చింది. జ్వరం పది రోజుల్లో పోయింది, నీరసం పోలేదు. మామూలు నీరసం కాదది. రాత్రంతా పడుకుని లేచినా, అప్పుడే మూటలు మోసి వచ్చినట్టు ఉండేది. పాపకు స్నానం చేయించి తుడిచే ఓపిక లేక, తువ్వాలు చుట్టి పక్కన పడుకోబెట్టుకుని నేనూ పడుకునేదాన్ని. మేడ మీద, సంగమ్మగారి వాటా ముందు, బట్టలు ఆరేయడానికి పద్దెనిమిది మెట్లు. తొమ్మిదో మెట్టు మీద కూర్చునేదాన్ని. ఇక్కడ చూపించాం, సంగారెడ్డిలో చూపించాం. రక్తపరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. కొందరికి జ్వరం తర్వాత ఇలా నెలల తరబడి ఉంటుందని, ఒంటిని తొందరపెట్టవద్దని డాక్టరుగారు చెప్పారు. తొందరపెట్టకుండా పాకే పిల్లను పెంచడం ఎలాగో చెప్పలేదు.

ఆ రోజుల్లోనే ఒక మాట విన్నాను. కుళాయి దగ్గర బకెట్ ఎత్తలేక అక్కడే గట్టు మీద కూర్చుండిపోతే, సంగమ్మగారు పై నుంచి చూసి పక్కింటావిడతో అన్నారు.

"పాపం, గామెకు శాతగాదు."

చేతకాదు! నీళ్ళు తెచ్చుకోవడం చేతకాదు. పిల్లను చూసుకోవడం చేతకాదు. లోపలికి వచ్చి ఏడ్చాను. నా గురించి నేను ఎవరికీ చెప్పకుండా అనుకుంటున్న మాటనే ఆవిడ పైకి అనేసిందనిపించింది. ఆ తర్వాత ఆవిడతో మాటలు తగ్గించేశాను. రెండుసార్లు గిన్నెలో జొన్నరొట్టెలు పెట్టి పంపితే, మాకు అలవాటు లేదండీ అని తిప్పి పంపాను. మూడోసారి పంపలేదు.

తట్టే వైద్యం గురించి చెప్పింది నా కాలేజీ స్నేహితురాలు. రెండు వేళ్ళతో అరచేతి అంచు మీద తడుతూ మన బాధేమిటో ఒక వాక్యంలో చెప్పుకోవాలి. బాధ ఉన్నా సరే, నన్ను నేను ఒప్పుకుంటున్నాను అనాలి. తర్వాత వరసగా కనుబొమ్మ మొదలు, కంటి పక్క, కంటి కింద, ముక్కు కింద, గడ్డం, మెడ కింది ఎముక, చంక కింద, చివరికి నడినెత్తి. వీడియో చూసి నవ్వాను. డాక్టరుగారిని అడిగితే, "మనసు కుదుటపడితే మంచిదే, చేసుకోండి, చెకప్‌లు మాత్రం మానకండి" అన్నారు. సరే, పోయేదేముంది అని మొదలుపెట్టాను. పాప నిద్రపోయాక, మధ్యాహ్నం రెండింటికి, వెనక గదిలో చాప మీద.

వాక్యం ఎవరిది వాళ్ళే తయారు చేసుకోవాలి. నాది ఇది: "నాకు చేతకాకపోయినా సరే, నన్ను నేను ఒప్పుకుంటున్నాను." మొదటి సగం గట్టిగా వచ్చేది. రెండో సగం గొంతులోనే ఉండిపోయేది. అయినా తట్టుకున్నాక కాసేపు ఊపిరి తేలిగ్గా ఆడేది. అంతకు మించి ఏమీ జరగలేదు, అప్పటివరకు.

ఇంతలో అమ్మ ఫోన్ చేసింది. ఆదివారం వస్తున్నానని, నేను కోలుకునేదాకా పాపను పాలకొల్లు తీసుకెళ్తానని. ఆయన్ను కూడా ఒప్పించింది. "నాలుగు నెలలే కదా" అన్నారాయన మెల్లగా. పాపకు అప్పటికి పధ్నాలుగు నెలలు. నాలుగు నెలల్లో నడక, మాటలు, అన్నీ అక్కడే వచ్చేస్తాయి. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు. తొమ్మిదో మెట్టు మీద కూర్చునే మనిషి ఏమని వాదిస్తుంది?

అది గురువారం. కరెంటు పోయింది. పాప చాప మీదే నిద్రపోయింది. పెరటి తలుపుకు లోపల గడియ పెట్టాను, వీధి తలుపుకు కూడా. రెండుసార్లు చూశాను, ఈ విషయంలో నా అలవాటు మీద నాకు నమ్మకం ఉంది. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. గడ్డం దగ్గరికి వచ్చేసరికి చేతులు పైకి లేవలేదు. ఒళ్ళో పడిపోయాయి. ఇది కూడా నాకు చేతకాదు అనుకున్నాను.

తట్టడం ఆగలేదు.

మెడ కింది ఎముక మీద, సరిగ్గా తర్వాత రావలసిన చోట, ఎవరో తడుతున్నారు. నాలాగా రెండు వేళ్ళతో కాదు. నాలుగు వేళ్ళూ కలిపి, గరుకుగా, బరువుగా. మూడు దెబ్బలు, ఆగి, మళ్ళీ మూడు. తర్వాత చంక కింద, తర్వాత నడినెత్తి. తడిపిన పిండి వాసన, సన్నగా పొగ వాసన.

కళ్ళెందుకు తెరవలేదని ఆయన చాలాసార్లు అడిగారు. తలకు నూనె పెడుతున్నప్పుడు ఎవరైనా కళ్ళు తెరుస్తారా? అలాగే ఉంది నాకు. భయం వెయ్యలేదు. ఎప్పుడూ దేనికో ఒకదానికి భయపడే నాకు, ఆ రెండు నిమిషాలూ ఏ భయమూ లేదు.

నెత్తి తర్వాత అయిపోవాలి. వీడియోలో అంతే. కానీ ఆ చెయ్యి నా కుడి అరచేతిని వెల్లకిలా తిప్పి, దాని మీద రెండుసార్లు తట్టింది. అప్పుడు ఆగింది.

కళ్ళు తెరిచాను. ఎవరూ లేరు. పాప పడుకునే ఉంది. రెండు తలుపులకూ గడియలు పెట్టినట్టే ఉన్నాయి. నా ముదురు నీలం నైటీ మీద, భుజం దగ్గర, నాలుగు వేళ్ళ తెల్లటి గుర్తులు. అరచేతిలోనూ తెలుపు. పాపకు రాసే పౌడరేమో అనుకుని నాలుకతో చూశాను. పౌడర్ కాదు, పిండి. పచ్చిగా, కొంచెం తియ్యగా ఉంది. మా ఇంట్లో బియ్యప్పిండి, గోధుమపిండి తప్ప ఇంకో పిండి లేదు. ఆ రెండింటి రుచీ నాకు తెలుసు.

ఫొటో తియ్యాలని తోచేలోపే పాప లేచింది. ఎత్తుకుంటే ముఖమంతా నా భుజానికి రాసేసింది. సాక్ష్యం మొత్తం దాని బుగ్గకు అంటుకుంది.

సంగమ్మగారు ఏమైనా వచ్చారేమో అడుగుదామని పాపను చంకనేసుకుని పైకి వెళ్ళాను. తాళం వేసి ఉంది. పొద్దున్నే న్యాల్‌కల్‌లో పెళ్ళికి వెళ్ళారని పక్కింటావిడ చెప్పింది. కిందికి దిగి వచ్చాక గుర్తొచ్చింది. పద్దెనిమిది మెట్లు, పిల్లతో సహా, ఎక్కడా కూర్చోకుండా ఎక్కాను! నవ్వొచ్చింది. గది మధ్యలో నిలబడి ఒక్కదాన్నే నవ్వుతుంటే పాప కూడా పిండి ముఖంతో నవ్వడం మొదలుపెట్టింది. మూడున్నరకు ఆయన షిఫ్టు దిగి వచ్చేసరికి మేమిద్దరం ఇంకా నవ్వుతూనే ఉన్నాం. ఆయన పాప బుగ్గ తుడిచి, వేళ్ళ మధ్య నలిపి చూసి, "పౌడరే అయ్యుంటుంది" అన్నారు. నాలుకతో చూడమన్నాను. చూడలేదు.

సాయంత్రం సంగమ్మగారు వచ్చాక మళ్ళీ పైకి వెళ్ళాను. నెలల తర్వాత నేనే వెళ్ళడంతో ఆవిడ ఎగాదిగా చూశారు.

"ఏం బిడ్డా, దారి తప్పొచ్చినవా?"

జరిగింది చెప్పలేదు. మా వెనక గది ముందు ఏ గది అని మాత్రం అడిగాను.

"గా అర్రనా? మా వంటిల్లు. మా అత్త బతికున్నన్ని దినాలు గా అర్రలనే కూసోని రొట్టెలు చేస్తుండె. నేను జేస్తనంటే పీట ముట్టనియ్యకపోతుండె, మస్తు గట్టి మనిషి." ఆవిడ నవ్వారు. "ఇంట్ల ఎవరికన్న శాతగాకుంటె గా పిండి చేతులతోనే ఒళ్ళంత తడుతుండె."

"చేతకాకపోతే తట్టడం ఏమిటండీ? కొట్టేవారా?"

"కొట్టుడెందుకే పిచ్చిదానా! శాతగాకుంటె అంటె... పానం బాగలేకుంటె. ఒంట్ల బలం లేకుంటె. మరి మీరేమంటరు?"

ఏడు నెలలుగా మోస్తున్న మాట అది. కుళాయి దగ్గర మీరు నన్ను అన్నారు కదా అని చెప్పేశాను. సంగమ్మగారు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"అయ్యో నా తల్లీ! గందుకా రొట్టెలు వాపస్ పంపినవ్? బలం లేక కూలబడ్డది పిల్ల అని పరేషానై అన్న! నేనేమో, ఆంధ్రోళ్ళకు రొట్టెలంటే గిట్టదేమో అనుకున్న. ఇంకోటి చెప్పాల్నా? పెరట్లకు దిగినప్పుడు కిటికీల కెల్లి రోజు చూస్తుంటి. పగటీలి కండ్లు మూసుకొని చెంపలేసుకుంటవు. ఏం తప్పు చేసిందో ఏమో, ఏ దేవునికి మొక్కుతుందో అనుకున్న!"

అది చెంపలేసుకోవడం కాదని, వైద్యమని చెప్పేసరికి ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఆ నవ్వులోనే అడిగాను, మీ అత్తగారు ఎలా తట్టేవారని.

"గిట్ల" అని నా భుజం మీద నాలుగు వేళ్ళూ కలిపి తట్టారు. మూడు దెబ్బలు, ఆగి, మళ్ళీ మూడు. జొన్నరొట్టె తడుతూ తిప్పే పద్ధతే అది. తర్వాత నెత్తి. తర్వాత నా కుడి చెయ్యి పట్టుకుని, అరచెయ్యి వెల్లకిలా తిప్పి, రెండుసార్లు.

"గంతే. రొట్టె కాలింది, ఇగ లే అంటుండె."

అరచేతి సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అప్పటికి మా ఆయనకు కూడా.

అద్భుతం జరిగి నా జబ్బు పోయిందని చెప్పను. శుక్రవారం మళ్ళీ సగం రోజు పడుకునే ఉన్నాను. కానీ నా వాక్యం మారింది. "నాకు శాతగాకపోయినా సరే, నన్ను నేను ఒప్పుకుంటున్నాను." ఈసారి రెండో సగం కూడా పైకి వచ్చింది.

ఆదివారం అమ్మ వచ్చింది, పాప బట్టలకని తెచ్చిన ఖాళీ సంచితో సహా. వెనక గదిలో సంగమ్మగారు నాతో రొట్టె తట్టిస్తున్నారు. నాకు నిలబడే పని లేకుండా కింద పీట వేశారు. పాప పిండిలో కూర్చుంది. నా రొట్టె మూడు చోట్ల పగిలింది.

"రొట్టె చెయ్యమంటె జిల్లా నక్ష గీసినవ్" అంటున్నారావిడ. అమ్మను చూసి, మర్యాదగా, జాలిగా, "వచ్చిన్రా వదినా, కూసోండి. ఫికర్ జెయ్యకున్రి. మీ బిడ్డకు జర శాతగాదు, గంతే" అన్నారు.

అమ్మ ముఖం ఎర్రబడింది. సంచి అక్కడే పడేసింది.

"ఏంటండీ ఆ మాట? మా అమ్మాయికి చేతకాదా? కాలేజీలో ఫస్టు వచ్చిన పిల్లండీ! ఒంట్లో బాలేకపోయినా పసిపిల్లను ఒంటిచేత్తో సాకుతోంది, చూడండి ఎంత బొద్దుగా ఉందో! ఇల్లు చూడండి ఎంత శుభ్రంగా ఉందో! మా పిల్లకి చేతకానిదంటూ లేదు, తెలుసాండీ?"

సంగమ్మగారు నన్ను చూశారు, నేను ఆవిడను చూశాను. ఇద్దరం ఒకేసారి పగలబడి నవ్వాం. అమ్మకు అర్థమయ్యేలా చెప్పడానికి పావుగంట పట్టింది. చెప్పాక తనూ నవ్వింది, తర్వాత కళ్ళు తుడుచుకుంది. తర్వాత పాపను ఎత్తుకుని, "నీ తల్లికి అన్నీ చేతనవునని నేనే అనేశానుగా. ఇంకెలా తీసుకెళ్తానే నిన్ను?" అంది.

ఆ ఖాళీ సంచి ఖాళీగానే తిరిగి వెళ్ళింది, అదీ నెల తర్వాత. ఆ నెలంతా అమ్మ ఇక్కడే ఉంది. పాప మొదటి అడుగులు ఆ వెనక గదిలోనే వేసింది, పిండి పీట పట్టుకుని.

ఇప్పుడు చాలా నయం. ఇంకా పూర్తిగా కాదు. అలసిన రోజు అలిసిపోయానని చెబుతాను, సిగ్గుపడను. రొట్టెలు గుండ్రంగా వస్తున్నాయి. ఆ గురువారం సంగతి సంగమ్మగారికి తర్వాత మొత్తం చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "మా అత్తకు ఊకె కూసునుడు రాదు" అన్నారంతే. మా ఆయన మాత్రం నిద్రమత్తు అంటారు. కావచ్చు. కానీ నిద్రమత్తులో పిండి ఎక్కడి నుంచి వస్తుంది? నేను ఎప్పుడూ చూడని మనిషి అలవాటు నా అరచేతికి ఎలా తెలుస్తుంది? ఎంత ఆలోచించినా నా ఫిజిక్స్ అక్కడే ఆగిపోతుంది.

మధ్యాహ్నం తట్టుకోవడం మాత్రం మానలేదు. నడినెత్తి అయిపోయాక కుడి అరచెయ్యి వెల్లకిలా తిప్పి, కాసేపు అలాగే ఉంచుతాను. మళ్ళీ ఎవరూ తట్టలేదు.

పోయిన వారం వరకు. ఆ రోజు కళ్ళు మూసుకుని చెయ్యి చాపి కూర్చుంటే, అరచేతిలో రెండు చిన్న దెబ్బలు పడ్డాయి. ఉలిక్కిపడి కళ్ళు తెరిచాను. ఎప్పుడు లేచిందో, ఎదురుగా పాప.

"ఇగ లే" అంది.

సంగమ్మగారే నేర్పి ఉంటారు. ఎందుకో ఆవిడను ఇంతవరకు అడగలేదు.