కొర్రీలు పడ్డ క్లినిక్

చిట్యాల దాటినంక మా ఊరు. ఊర్లె దవాఖాన లేదు, ఒక ఆర్‌ఎంపీ ఉన్నడు. నల్లగొండల నేను పనిచేసే ప్రైవేటు దవాఖాన వాళ్లు మా ఊర్లె ఓపీ క్లినిక్ పెడ్తమన్నరు. పడకల్లేవు, ఆపరేషన్లు లేవు. రోగులను చూసుడు, కట్లు కట్టుడు, అంతే. దానికి లైసెన్స్ తెచ్చే పని నాకు పడ్డది. డిగ్రీ చదివినందుకు జిరాక్సు మిషను కాడ నిలబడే యోగం దక్కింది.

నా తొందర వేరే. మా అవ్వకు షుగర్, కాలి బొటనవేలికి పుండు. రోజు తప్పించి రోజు కట్టు మార్చకుంటే వేలు దక్కదని మా దవాఖాన డాక్టరమ్మ చెప్పింది. అంటే ప్రతిసారి రెండు బస్సులు మారి నల్లగొండకు పోవాలె. క్లినిక్ తెరిస్తే మా ఇంటెనక గల్లీలనే.

లైసెన్సులు జల్ది ఇయ్యాలని అప్పటికే కొత్త పద్ధతి వచ్చింది. ఆన్‌లైన్‌ల పెట్టిన ఫైలును ఆఫీసు గడువులోపల తేల్చకుంటే లైసెన్స్ దానంతట అదే వస్తది. ఇది విని నేను సంబురపడ్డ. జిల్లా వైద్యశాఖ ఆఫీసు సారు మాత్రం గడువు ఆఖరి రోజు ఒక కొర్రీ వేసి ఫైలు వాపస్ పంపిండు. మేం జవాబు పెట్టంగనే అది కొత్త ఫైలు, గడువు మళ్ల మొదటికి.

మొదటి కొర్రీ: చక్రాల కుర్చీ ఎక్కే ర్యాంపు ఫొటో సక్కగ లేదు. ఇంకో ఫొటో పెట్టిన. రెండో కొర్రీ: ర్యాంపు మీద మేక ఉన్నది, వివరణ ఇయ్యాలె. పక్కింటి మేక అది, నీడకు పండుకున్నది. ఆఫీసుకు పోయిన.

"సార్, లైసెన్స్ మేకకు గాదు సార్, క్లినిక్‌కు."

సారు నవ్విండు. "మంచి మాటకారివే తమ్మీ. మేక లేని ఫొటో పెట్టు."

"పెడ్త సార్. ఈసారన్న జర ముందుగాల చూడుండ్రి."

"తొందరెందుకు? మా జిల్లాల ఒక్క ఫైలన్న గడువు దాటిందా? కంప్యూటర్‌ల చూడు, పెండింగ్ సున్న."

నిజంగనే గర్వపడ్డడు.

క్లినిక్‌కు తాళం. లోపల కట్టు గుడ్డల డబ్బాలు. నాలుగిండ్ల అవతల ఆర్‌ఎంపీ బెంచీ నిండ జనం. ఆయనకు కొర్రీల్లేవు. కాగితమే పెట్టనోనికి కొర్రీ యాడికెల్లి వస్తది?

ఒకనాడు అవ్వ బస్సెక్కనన్నది. "నడుం ఇరుగుతాంది బిడ్డా. ఈడ సూదేసే ఆయన కాడికి తోల్కపో."

"ఆయన డాక్టర్ గాదవ్వా."

"మరి మీ డాక్టరేదిరా? ఆ తాళం కడ్తదా నాకు కట్టు?"

తోల్కపోయిన. ఆయన కట్టు జారకుండ గట్టిగ బిగించిండు, వారందాక విప్పొద్దన్నడు. విప్పే నాటికి వేలు నల్లగయ్యింది. నల్లగొండల తీసేసిండ్రు.

డాక్టరమ్మ నన్ను తిట్టలే. "ఇంకొన్ని రోజులు బస్సెక్కించి తోల్కొస్తే వేలు దక్కేది" అన్నది. తిట్టినా బాగుండు.

"ఇగ ఒక గోరు తీసుకునే పని తగ్గింది" అన్నది అవ్వ. మా ఇంట్ల నాకంటే పెద్ద జోకరు ఆమెనే. ఆనాడు మాత్రం నవ్వు రాలే.

మూడో కొర్రీ కూడ అయినంక లైసెన్స్ వచ్చింది. క్లినిక్ తెరిచిన దినం మొదటి ఓపీ చీటీ మా అవ్వదే, వేలు తీసిన కాడ కుట్లు విప్పుటానికి. ఆమె లోపల ఉన్నప్పుడు సారు ఫోన్ చేసిండు.

"తమ్మీ, పని జల్ది అయ్యిందా లేదా అని నీకొక లింకు వచ్చి ఉంటది. మా ఆఫీసుకు ఐదుకైదు చుక్కలు నొక్కు."

క్లినిక్ పక్కన మా వాళ్లే పెట్టే రక్తపరీక్షల ల్యాబు ఫైలు ఇంక ఆయన కాడనే ఉన్నది. లోపల అవ్వ "మెల్లగ, మెల్లగ" అంటాంది. నేను ఐదు నొక్కిన.