తొలిచూలు ఆవు చేపని రోజు

మా వదిన నోరీన్‌కి కోపం వస్తే ఆవుల్ని తిట్టదు, నన్ను తిడుతుంది. మా అన్న పోయాక పద్నాలుగు ఆవుల్ని ఒక్కతే సాకుతోంది. మా లీట్రిమ్ కౌంటీలో అదేమంత పెద్ద మంద కాదు. కానీ కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయి, టీకప్పు కూడా రెండు చేతులతో పట్టుకునే మనిషికి అది ఎక్కువే. పాలన్నీ మిషనే తీస్తుంది. చన్నులకు నాలుగు గొట్టాలు తగిలిస్తే చాలు, దూడ చప్పరించినట్టే గాలి లాగి పాలు దింపుతుంది.

మొన్నటి తుఫానుకు కరెంటు పోయింది. జనరేటరున్న పక్క పొలం ఫింటన్ ఇంటి దారికి చెట్లు అడ్డం పడ్డాయి. మిగతా పదమూడు ఆవులూ నిండుచూలివి, పాలు వట్టిపోయి ఉన్నాయి. నాలుగు రోజుల క్రితం ఈనిన తొలిచూలు రోజీకే వచ్చింది కష్టం. మర్నాటికి పొదుగు బండలా బిగిసి, అది నొప్పికి అరవసాగింది. వాపు ముదిరితే దాన్ని కబేళాకు పంపాల్సిందే.

"యూనా, నువ్వు పితుకు," అంది వదిన.

"నాకు పితకడం వస్తే ఇన్నాళ్లూ నీ చేత తిట్లు తినేదాన్నా?"

"నీకేం వచ్చులే, వాగడం తప్ప!"

అయినా కూర్చున్నాను. రెండు చుక్కలు రాలాయో లేదో, రోజీ పాలు చేపకుండా బిగబట్టి, బకెట్‌ను తన్నేసింది. వదిన కూడా ప్రయత్నించింది. వేళ్లు ముడుచుకోలేదు.

"పాడు చేతులు! మేరీమాతా, పాడు చేతులు!" అని ఏడ్చింది.

"దూడను విడుద్దాం వదినా," అన్నాను.

ఇక్కడ ఈనిన రోజే దూడను వేరు చేసేస్తాం. అప్పట్నుంచీ అవి ఒకదాన్నొకటి చూసుకోలేదు. తీసుకొస్తే రోజీ వాసన చూసి, ఎవరి పిల్లో అన్నట్టు తలతో నెట్టేసింది. రోజీని కట్టేసి, దూడ మూతిని పొదుగుకు ఆనించాం.

"కుడువే తల్లీ, కుడువు. నీ అమ్మేనే!" అని వదిన బతిమాలింది.

దూడ చన్ను నోట్లో పెట్టుకుని ఊరికే నిలబడింది. కాసేపటికి వదిలేసి ఇటు తిరిగింది. వదిన చెయ్యి వెతుక్కుని, ఆ వంకర వేళ్లను నోట్లోకి లాక్కుని ఆబగా చప్పరించడం మొదలుపెట్టింది. నాలుగు రోజులుగా ఆ వేళ్లను పాలల్లో ముంచి చీకించే కదా, వదిన దానికి బకెట్‌లో తాగడం నేర్పింది.

"ఇక్కడేం లేదే పిచ్చిదానా, అక్కడే, అక్కడ," అంటూ వదిన చెయ్యి లాక్కోబోయింది. దూడ వదల్లేదు. వెనక రోజీ అరుస్తూనే ఉంది.